ప్రతులు వెయ్యి: ఇంటి అలమరలో చదవని పుస్తకాలు



తెలుగువారి ఇళ్లలో పుస్తకాల అలమర ముందుగా వేసుకున్న ప్రణాళిక ప్రకారం నిండదు. జనవరిలో విజయవాడలోనో, చలికాలంలో హైదరాబాదులోనో జరిగే పుస్తక ప్రదర్శనలో తగ్గింపు ధరకు కొన్నవి, ఆవిష్కరణ సభలో రచయిత సంతకం చేసి చేతికిచ్చినవి, బడిలో వక్తృత్వ పోటీకి బహుమతిగా వచ్చినవి, ఉద్యోగరీత్యా ఊళ్లు మారిన పెద్దలు బదిలీ అయినప్పుడల్లా వెంట తెచ్చుకున్నవి, తిరుపతి వెళ్లినప్పుడు దేవస్థానం పుస్తకశాలలో తీసుకున్నవి, ఒక తరం దాటిపోయాక అట్టపెట్టెల్లో మరో ఇంటికి చేరినవి, ఇవన్నీ కలిసి ఆ అలమరను నింపుతాయి. ఇన్ని దారుల్లో వచ్చినవన్నీ చదివి ముగించిన ఇల్లు అరుదుగా కనిపిస్తుంది. కొన్న పుస్తకం చదవకపోవడం తప్పేనన్న భావన చాలామంది పాఠకులలో ఉన్నందువల్ల, ఏ సంక్రాంతి సెలవుల్లోనో పట్టుదలతో పై అర నుంచి వరసగా మొదలుపెట్టి, మూడో పుస్తకమో నాలుగో పుస్తకమో కొరుకుడు పడక ఆగిపోయి, తర్వాత అలమర వైపు చూడడమే మానుకోవడం కూడా సాధారణమే. ఈ ఆటంకానికి కారణం చాలావరకు బద్ధకం కాదు, ఎంచుకున్న వరస. ఇంట్లో ఉన్న పుస్తకాలలో మరెక్కడా దొరకడానికి అవకాశం లేనివి ఏవో ముందుగా గుర్తించి, వాటి నుంచి చదువు మొదలుపెట్టాలన్నదే ఈ ప్రసంగంలోని ప్రతిపాదన.

చదవని పుస్తకాలను గురించిన చర్చ చాలా పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దికి చెందిన రోమన్ తత్త్వవేత్త సెనెకా, జీవితకాలంలో పేర్లు కూడా పూర్తిగా చదవలేనన్ని గ్రంథాలు పోగుచేసి గోడల అలంకారానికి వాడుకునే ధనికులను తీవ్రంగా విమర్శించి, చదవగలిగినన్ని మాత్రమే దగ్గర ఉంచుకుంటే చాలునన్నాడు. దర్పం కోసం గ్రంథాలు కొనే సమాజానికి ఆ మందలింపు తగినదే కాని, నెల జీతంలో కొంత మిగిల్చి విశాలాంధ్ర దుకాణంలో చవకగా దొరికే సోవియట్ అనువాదాలను ఒక్కొక్కటిగా కొనుక్కున్న బడిపంతుళ్ల ఇళ్లకు అది వర్తించదు. అలాంటి ఇళ్లలో చదవని పుస్తకానికి వెనుక ఒక నిజమైన ఆసక్తి, దానికి అడ్డుపడిన సంసార బాధ్యతలు ఉంటాయి. ఈ సందర్భానికి మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ ఆలోచన ఎక్కువగా ఉపకరిస్తుంది. ఆయన 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో మూడవది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని చెబుతుంది. అంటే పాఠకుడికి పుస్తకం వెతికిపెట్టడం ఎంత బాధ్యతో, పుస్తకానికి పాఠకుణ్ణి వెతికిపెట్టడమూ అంతే బాధ్యతన్నమాట. అయిదవ సూత్రం గ్రంథాలయాన్ని పెరిగే జీవిగా పరిగణిస్తుంది. ఈ రెండింటినీ ఇంటి అలమరకు అన్వయిస్తే, అలమరను ఖాళీ చేయడం లక్ష్యం కాదనీ, అందులోని ఏ పుస్తకమూ పాఠకుడు లేకుండా మిగిలిపోకూడదన్నదే లక్ష్యమనీ, ఆ పాఠకుడు ఆ ఇంటివాడే కావలసిన అవసరం కూడా లేదనీ తేలుతుంది.

ఎంత చదవగలమన్న లెక్క ముందే వేసుకోవడం అవసరం. ముద్రణలో ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చువేసి మడిచినప్పుడు ఏర్పడే పేజీల కట్టను ఫారం అంటారు; సాధారణంగా మన పుస్తకాలలో ఒక ఫారానికి 16 పేజీలు ఉంటాయి. ఉద్యోగం, ఇంటిపని ఉన్న మనిషి రోజుకొక ఫారం చదవడం కష్టసాధ్యమేమీ కాదు. అలా ఏడాది పొడవునా ఒక్కరోజూ తప్పకుండా చదివితే 5,840 పేజీలవుతాయి. పుస్తకానికి సగటున 200 పేజీలనుకుంటే అవి 29 పుస్తకాలు. మూడు వందల పుస్తకాలున్న అలమరకు, ఈలోగా కొత్తది ఒక్కటి కూడా కొనకపోయినా, పదేళ్లకు పైగా పడుతుంది. ఈ లెక్క పాఠకుణ్ణి నిరుత్సాహపరచడానికి చెప్పేది కాదు. అన్నీ చదవడం సాధ్యం కాదని ఒకసారి స్పష్టంగా తెలిశాక ఎంపిక తప్పనిసరి అవుతుంది. ఎంపిక తప్పనిసరైనప్పుడు ముందుగా ఏది చేతికి తీసుకోవాలన్న ప్రశ్న ఇష్టాయిష్టాలను దాటి ఆలోచించవలసినదవుతుంది.

ఆ ప్రశ్నకు సమాధానం చాలా తెలుగు పుస్తకాలలో రెండో పేజీలోనే అచ్చయి ఉంటుంది. పుస్తకం పేరు, రచయిత పేరు, ముఖచిత్రం వేసినవారి పేరు, ముద్రణ సంవత్సరం, వెల, ముద్రాపకుల చిరునామాలతోపాటు, ఎన్ని ప్రతులు వేశారో చెప్పడం మన ప్రచురణలో పరిపాటి. ‘ప్రథమ ముద్రణ, ప్రతులు 1000’ అన్న మాట అక్కడ తరచుగా కనిపిస్తుంది. ఇటీవలి పుస్తకాలలో ఆ సంఖ్య 500కు, అంతకంటే తక్కువకు కూడా దిగింది. దానికి దిగువన ‘ప్రతులకు’ అని రాసి ఒక ఇంటి నంబరు, ఒక వీధి పేరు ఇచ్చి ఉంటే, ఆ పుస్తకాన్ని ప్రచురణ సంస్థ కాక రచయితే సొంత ఖర్చుతో అచ్చువేయించుకుని, తన ఇంటి నుంచే పంపిణీ చేశాడని చాలావరకు అనుకోవచ్చు. ఆ వెయ్యిలో కొన్ని స్నేహితులకు, కొన్ని సమీక్ష కోసం పత్రికలకు, కొన్ని జిల్లా గ్రంథాలయాలకు చేరి, మిగిలినవి ఒక గదిలో కట్టలుగా ఉండి, వానకో చెదలకో పోయి ఉంటాయి. పాత పుస్తకాలలో అంచులు కత్తిరించకుండా వదిలేసిన ఫారాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. మడతలు తెగనందువల్ల మధ్య పేజీలు తెరుచుకోని అలాంటి ప్రతిని ఇంతవరకు ఎవరూ పూర్తిగా చదవలేదని నిస్సందేహంగా చెప్పవచ్చు. ‘మహాప్రస్థానం’ ఇంట్లో చదవకుండా ఉంటే జరిగే నష్టం ఆ ఇంటికే పరిమితం, ఎందుకంటే అది ఎప్పుడైనా, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఒక మండల చరిత్ర, ఒక వైద్యుడి ఆత్మకథ, ఒక నాటక సమాజం రజతోత్సవ సంచిక, ఒక పల్లెటూరి పద్యకవి శతకం వంటివి చదవకుండా పోతే, ఆ వెయ్యి ప్రతులలో మిగిలినది అదొక్కటే అయిన పక్షంలో, ఆ విషయం తెలుగులో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

గ్రంథాలయాలలో ఎక్కడో ఒక ప్రతి ఉండే ఉంటుందన్న ధీమా అన్ని సందర్భాల్లోనూ సరైనది కాదు. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకూ ప్రచురణకర్త తన ఖర్చుతో పంపాలని 1954లో వచ్చిన పుస్తకాల సమర్పణ చట్టం నిర్దేశిస్తుంది. ఆ నాలుగూ తెలుగు రాష్ట్రాల వెలుపలే ఉన్నాయి. సొంతంగా అచ్చువేసుకున్న రచయితలలో ఇలాంటి నియమం ఒకటుందని తెలియనివారూ ఉన్నారు. ఈ కారణంగా తెలుగు ముద్రణ చరిత్రలో కొంత భాగం ఇప్పటికీ ప్రజల ఇళ్లలోనే ఉన్నదని భావించవలసి వస్తుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసినప్పుడూ, 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు బెజవాడలో గ్రంథాలయాలన్నింటినీ ఒక సంఘంగా సమీకరించినప్పుడూ, ఎన్నో పుస్తకాలు ఇళ్ల నుంచే గ్రంథాలయాలకు నడిచివచ్చాయి.

ఇంటింటా ఉండి, లెక్కలోకి రాని మరో వర్గం బైండింగు చేయించిన సీరియళ్లు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వంటి వారపత్రికలలో వచ్చే నవలను వారం వారం పేజీలు వేరుచేసి, దాచి, అది ముగిశాక ఊళ్లో బైండరుకు ఇచ్చి కుట్టించుకోవడం ఒక కాలంలో విస్తృతంగా ఉండేది. కాలికో గుడ్డ వీపు, ముతక అట్ట, లోపలి తెల్లకాగితం మీద సిరాతో రాసిన నవల పేరు, సంపాదించినవారి పేరు, తేదీ, ఇదీ దాని రూపం. ఆ పేజీల వెనకవైపు మరో సీరియల్ తాలూకు తెగిన ముక్కలు, పాఠకుల ఉత్తరాలు, అప్పుడే విడుదలైన సినిమాల ప్రకటనలు, తలనూనెల బొమ్మలు ఉంటాయి. నవల తర్వాత పుస్తకంగా వచ్చినా, బాపు వంటి చిత్రకారులు ప్రతి వారం వేసిన బొమ్మలు అందులో సాధారణంగా ఉండవు. వారపత్రిక పాఠాన్ని పుస్తకంగా తెచ్చేటప్పుడు రచయితలు మార్పులు చేసిన సందర్భాలూ ఉన్నాయి. అందువల్ల ఈ కుట్టిన సంపుటాలు పుస్తకానికి నకళ్లు కావు, వేరే పాఠాలు. ఇంట్లో పెద్దవారు చదివి దాచినవి కాబట్టి వీటిని చదవనివిగా ఎవరూ లెక్కించరు. కాని పిల్లల దృష్టిలో, మనుమల దృష్టిలో అవి ఎవరూ తెరవని సంపుటాలే, పాత పేపర్లు కొనేవారికి తూకానికి మొట్టమొదట వెళ్లేవీ అవే. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1946–47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చిందన్న సంగతి గుర్తుచేసుకుంటే, ఇవాళ ఒక్క బిగిన చదవలేక పక్కనపెట్టే పెద్ద నవలలలో కొన్నింటిని తొలి పాఠకులు విడతలు విడతలుగానే చదివారని తెలుస్తుంది. భాగానికీ భాగానికీ మధ్య విరామం ఆ నవలల నిర్మాణంలోనే ఉంది, కాబట్టి నేటి పాఠకుడు అలా చదవడం లోపమేమీ కాదు.

వారపత్రికల కాగితం గురించి తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. న్యూస్‌ప్రింట్‌ను కలపగుజ్జుతో తయారుచేస్తారు. కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకూ గాలికీ పసుపుబారుతుంది. కాగితంలోని ఆమ్లం క్రమంగా పీచును తెంచడంతో పేజీ పెళుసై, తిప్పితే మూలలు విరుగుతాయి. కుట్టుకు బదులు ఇనుప పిన్నులు వేసిన చోట తుప్పు పట్టి, ఆ తుప్పు చుట్టూ కాగితం చిల్లులు పడుతుంది. మైదాపిండి ఉడికించి చేసిన జిగురు పురుగులకు ఆహారం. కోస్తా జిల్లాల తేమలో ఇదంతా మరింత వేగంగా జరుగుతుంది. అలమర తలుపులు మూసి కలరా ఉండలు వేసినంత మాత్రాన రక్షణ పూర్తి కాదు. పుస్తకాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి, దుమ్ము దులిపి, నీడలో గాలి సోకేలా పేజీలు విప్పాలి, ఇది చదివే ఇంట్లో ప్రత్యేక ప్రయత్నం లేకుండానే జరిగిపోయే పని. చదవని పుస్తకం పాడవడం మొదలైన సంగతి అది సగం పోయేదాకా ఎవరికీ తెలియదు.

ఇక భారీ గ్రంథాల సంగతి. కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానాలు అర్థతాత్పర్యాలతో పదిహేను సంపుటాలుగా ప్రచురించిన తర్వాత అది ఎన్నో ఇళ్లకు చేరింది. కాని ఆదిపర్వం మొదటి ఆశ్వాసం దాటని పాఠకులూ ఉన్నారు. ఇలాంటి గ్రంథాన్ని మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలన్న నియమాన్ని స్వయంగా తిక్కనే పాటించలేదు. పదకొండవ శతాబ్దిలో నన్నయ ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు; పదమూడవ శతాబ్దిలో తిక్కన ఆ ఖాళీని అలాగే ఉంచి విరాటపర్వం నుంచి మొదలుపెట్టి మిగిలిన పదిహేను పర్వాలు రచించాడు; అరణ్యపర్వ శేషాన్ని ఆ తర్వాతి శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. నేటి పాఠకుడు కూడా విరాటపర్వంతో మొదలుపెట్టడం అన్నివిధాలా ఉచితం. అది అయిదు ఆశ్వాసాలలో ముగుస్తుంది, కథ తనంత తానుగా నిలుస్తుంది, సంభాషణలు నాటకంలో లాగా సాగుతాయి. వానలు కురవనప్పుడు ఊరంతా కూడి విరాటపర్వం చదివించుకునే ఆచారం ఉండడం వల్ల, ఎంతోమంది అక్షరం రానివారికి కూడా ఆ కథ వినికిడితోనే వచ్చింది.

వినికిడి అన్న మాట ఇక్కడ ప్రత్యేకంగా ఆలోచించదగినది. పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదువుతుంటే మరొకరు అర్థం చెప్పేవారు. గ్రంథం ఒక్కటే అయినా, దానిని చదివిన ఫలితం సభలో ఉన్న అందరికీ దక్కేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ వినిపించిన రామాయణ భారత ఉపన్యాసాలు ఆ సంప్రదాయాన్ని రేడియోకు తెచ్చాయి. ఇంట్లో చదవని పుస్తకాల విషయంలో ఇది మళ్లీ అవసరమైన పద్ధతి. బెంగళూరులోనో, డాలస్‌లోనో, హైదరాబాదులోనే ఇంగ్లీషు మాధ్యమంలోనో పెరిగిన పిల్లలలో తెలుగు మాట్లాడగలిగీ చదవలేనివారు చాలామంది ఉన్నారు. అలాంటి ఇంట్లో పెద్దవారి అలమర మొత్తం తరువాతి తరానికి చదవలేని అలమర అవుతుంది. వారానికొకసారి ఒక ఫారం పైకి చదవడం, దూరంలో ఉన్న పిల్లలైతే ఫోనులో చదివి వినిపించడం, వీలైతే ఆ గొంతును రికార్డు చేసి ఉంచడం వల్ల పుస్తకానికి పాఠకుడితోపాటు శ్రోత కూడా దొరుకుతాడు. కఠినమైన పద్యం దగ్గర చదివేవారే ఆగి అర్థం వెతుక్కోవలసి వస్తుంది కాబట్టి, ఒంటరిగా చదివేటప్పుడు దాటేసే చోట్లు ఇలా దాటిపోవు.

పెద్ద నవలల విషయానికి వస్తే, విశ్వనాథ సత్యనారాయణ చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిన ‘వేయిపడగలు’ 29 రోజుల్లో పూర్తయిందని ప్రసిద్ధి. రోజుకొక ఫారం లెక్కన చదివే పాఠకుడికి అంతకంటే చాలా ఎక్కువ రోజులే పడతాయి, అది సహజం కూడా. దీర్ఘమైన నవలతో రెండు మూడు నెలలు గడపడానికి సిద్ధపడినవారు, అదే సమయంలో పక్కన ఒక చిన్న పుస్తకాన్ని, ఏ కథల సంపుటినో ఉంచుకుంటే నడక తేలికవుతుంది.

నిఘంటువులను చదవనివాటిలో లెక్కించనక్కరలేదు. 1885 నాటి శబ్దరత్నాకరం గాని, 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గాని అవసరం వచ్చినప్పుడు తెరవడానికి ఉద్దేశించినవి. ఒకసారి మొదలుపెట్టి, పీఠికా రెండు మూడు అధ్యాయాలూ చదివాక ఏమాత్రం పట్టని పుస్తకాన్ని వదిలేయడంలో కూడా సంకోచించనక్కరలేదు; అయితే వదిలేసిన పుస్తకాన్ని తిరిగి అదే అరలో పెట్టడం తగదు.

వదిలేసినవి, చదవడం ముగించినవి ఎక్కడికి చేరాలో నిర్ణయించడానికి ముందు ఒక జాబితా ఉండాలి. గ్రంథాలయాలలో వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస సంఖ్య ఇచ్చి నమోదు చేసే పట్టీని ప్రవేశ రిజిస్టరు అంటారు. ఇంటికి ఒక వంద పేజీల నోటుపుస్తకం సరిపోతుంది. పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, ఇంటికి ఎలా వచ్చింది, చదివినది ఎవరు, ఎప్పుడు అన్న వివరాలు అందులో ఉండాలి. ప్రతుల సంఖ్య తక్కువగా ఉండి, మళ్లీ అచ్చు కాని పుస్తకాలు ఆ పట్టీలో వెంటనే కనబడతాయి. అంతర్జాలంలో ఇప్పటికే స్కాన్ అయి ఉన్న తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఉన్నాయి కనుక, పేరు పెట్టి వెతికి, అక్కడ లేనివాటికి పట్టీలో గుర్తు పెట్టుకోవచ్చు. చదువు ఆ గుర్తులున్నవాటితో మొదలు కావాలి.

ఇలాంటి సొంత సేకరణ ఒక నగరానికే ఆస్తి అయిన ఉదాహరణ హైదరాబాదులో ఉంది. అబ్దుల్ సమద్ ఖాన్ అనే గ్రంథప్రేమి జీవితమంతా వెతికి కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరి, అక్కడ ఉర్దూ పరిశోధన కేంద్రానికి పునాది అయ్యాయి. 2000 ఆగస్టులో వచ్చిన వరదనీరు ఆ భవనంలోకి చేరి గ్రంథాలను తీవ్రంగా దెబ్బతీసింది. ఒక్క చోట ఒక్క ప్రతిగా ఉన్న పుస్తకం ఎంత ప్రమాదంలో ఉంటుందో తెలియడానికి ఆ ఒక్క సంఘటన చాలు. అందువల్ల అరుదైన పుస్తకాన్ని గ్రంథాలయానికి ఇచ్చే ముందు స్కాన్ చేయించడం అవసరం.

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్థానిక సంస్థలు ఆస్తిపన్నుతోపాటు వసూలు చేసే గ్రంథాలయ పన్నుతో నడిచే జిల్లా కేంద్ర గ్రంథాలయాలు, 1918లో ఏర్పడి పాత పత్రికలను భద్రపరుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థలు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఇలాంటి పుస్తకాలకు సరైన చోట్లు. మూటగట్టి తీసుకెళ్లి గుమ్మంలో దించడం కంటే, పట్టీ నకలు ముందుగా పంపి వారికి లేనివేవో అడిగి తెలుసుకోవడం ఇరువురికీ మేలు. ఇప్పటికే వారి దగ్గర ఉన్న ప్రసిద్ధ నవలలను ఊళ్లోని బడికో, హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారంనాడు కాలిబాట మీద పుస్తకాలు పరిచే వ్యాపారికో ఇవ్వవచ్చు. అక్కడ వాటికి పాఠకులు త్వరగానే దొరుకుతారు. బైండు చేసిన సీరియళ్లను ఇచ్చేటప్పుడు మాత్రం స్కానింగు కోసం వీపు కోయవద్దని ముందే చెప్పి, ఏయే వారాల పేజీలు లేవో ఒక చీటీ మీద రాసి మొదటి పేజీ దగ్గర ఉంచాలి. అదే నవల మరో ఇంట్లోనూ కుట్టి ఉంటే, ఈ చీటీ ఆధారంగా లేని వారాలను అక్కడి నుంచి తెచ్చి పూరించుకునే వీలుంటుంది.